కుడి చెవికి ఇంప్లాంట్, ఎడమ చెవికి మిషన్: పిలుపు ఎటునుంచో తెలియని ఒక టీచర్ కేసు

ఆవిడకు 47 ఏళ్లు. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతారు. కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో ఎలక్ట్రోడ్లు పెట్టి వినికిడి నరానికి నేరుగా కరెంటు ఇచ్చే పరికరం) ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. ఎడమ చెవికి హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటారు, అంటే మన దగ్గర అందరూ మిషన్ అని పిలిచేది. వినికిడి పరీక్షలు చేసి ఈ పరికరాలు సర్దే నా దగ్గరకు ఆవిడ మాట వినబడట్లేదని రాలేదు.

"మాట బాగానే తెలుస్తోంది మేడమ్. ఎవరన్నారో, ఎటునుంచి అన్నారో తెలియట్లేదు. వెనక బెంచీలో పిల్లాడు జవాబు చెబితే నేను కిటికీ పక్క పిల్లని చూసి 'గుడ్' అంటాను. క్లాసంతా నవ్వుతుంది."

వెంట వచ్చిన అత్తగారు శ్రీకాకుళం వైపు మనిషి. ఆవిడ ఇంకా సూటిగా చెప్పారు. "నాను వంటింట్లోంచి పిలిస్తే వీధి గుమ్మంకేసి సూస్తాది. ఇనబడతాదంటాది, మరేటో ఇటేపు తిరగదు."

ఇవి ఇంటి విషయాలు. వీటికన్నా నాకు ఆందోళన కలిగించింది రోడ్డు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బస్సు దిగాక హారన్ వినబడుతుంది కానీ బండి ఏ పక్కనుంచి వస్తోందో తెలియదు. అందుకని ఆవిడ ఎవరో ఒకరు దాటేదాకా ఆగి, వాళ్లను ఆనుకుని దాటుతున్నారు. ఇంప్లాంట్ పెట్టక ముందు సరిగ్గా వినబడేది కాదు కాబట్టి పూర్తిగా కళ్ల మీదే ఆధారపడేవారు. ఇప్పుడు వినబడి, తప్పు పక్క చూపిస్తోంది. ఒక రకంగా ఇది ఎక్కువ ప్రమాదం.

ఆవిడ ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఒక చెవికి ఇంప్లాంట్, ఇంకో చెవికి మిషన్ వాడేవాళ్లు మన వైపు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పెద్దవాళ్లలో ఎక్కువమంది సొంత డబ్బుతో ఒక చెవికే చేయించుకోగలరు. రెండో చెవిలో కాస్తో కూస్తో వినికిడి మిగిలి ఉంటే దానికి మిషన్ పెడతారు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, ఇంప్లాంట్ మ్యాపింగ్ (ఏ ఎలక్ట్రోడుకు ఎంత కరెంటు ఇవ్వాలో సర్దడం) ఒక చోట, మిషన్ ప్రోగ్రామింగ్ ఇంకో చోట జరుగుతాయి. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేస్తారు. రెండింటినీ ఒకేసారి పెట్టి, ఒకే కుర్చీలో కూర్చోబెట్టి చూసేవాళ్లు ఉండరు. పక్క తెలియకపోవడానికి చాలాసార్లు కారణం చెవిలో కన్నా ఈ రెండు పరికరాల మధ్య పొత్తు కుదరకపోవడంలో ఉంటుందని నా నమ్మకం. ఈవిడ కేసు దాన్ని బాగా చూపిస్తుంది.

చెవుల చరిత్ర

ముప్పై దాటాక రెండు చెవుల్లోనూ వినికిడి మెల్లగా తగ్గడం మొదలైంది. కారణం తేలలేదు. తల్లికీ నడివయసులో చెవుడు వచ్చిందట. కుడి చెవి వేగంగా పోయింది. 44 ఏళ్లు వచ్చేసరికి అక్కడ మిషన్ వల్ల లాభం లేకుండా పోయింది. స్కానింగులు మామూలుగానే ఉన్నాయి, ఆపరేషన్ చక్కగా జరిగింది, ఎలక్ట్రోడ్లన్నీ పనిచేస్తున్నాయి. కొత్త చెవి అలవాటు కావాలంటే ఎడమ మిషన్ తీసేసి ఉండాలని ఎవరో చెప్పారట. కొన్నాళ్లకని తీసిన మిషన్ దాదాపు ఏడాది బీరువాలోనే ఉండిపోయింది. నేనైతే ఇలా చెప్పను. రోజూ ఒకటి రెండు గంటలు ఇంప్లాంట్ ఒక్కదానితో సాధన చేస్తే చాలు, మిగతా సమయమంతా రెండూ పెట్టుకోవాలి. రెండు చెవుల సమాచారాన్ని కలిపి వినడం మెదడు చేసే పని. దానికి రోజూ పని పెట్టాలి.

ఎడమ చెవి ఆడియోగ్రామ్ (ఏ స్వరం ఎంత గట్టిగా ఉంటే వినబడుతుందో చూపే పరీక్ష, డెసిబెల్స్ పెరిగేకొద్దీ లోపం ఎక్కువ) ఇలా ఉంది: 250 హెర్ట్జ్ దగ్గర 45 డెసిబెల్స్, 500 దగ్గర 55, 1000 దగ్గర 75, 2000 దగ్గర 95, ఆపైన స్పందన లేదు. అంటే మంద్ర స్వరాలు మిగిలాయి, తారస్థాయి పోయింది. కుడి ఇంప్లాంట్‌తో 250 నుంచి 6000 హెర్ట్జ్ వరకు 25-30 డెసిబెల్స్ దగ్గరే వినిపిస్తోంది. నిశ్శబ్దంలో తెలుగు పదాల పరీక్షలో రెండూ కలిపి చాలా మంచి స్కోరు వచ్చింది. కాగితం మీద చూస్తే ఇది విజయవంతమైన కేసు. ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం అదే.

దిక్కు ఎలా తెలుస్తుంది

శబ్దం ఏ పక్కదో మెదడు ప్రధానంగా రెండు ఆధారాలతో పోల్చుకుంటుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రాలే 1907లో దీన్ని సిద్ధాంతంగా చెప్పారు, ఇప్పటికీ అదే పునాది. మొదటిది కాలం. కుడి పక్కనుంచి వచ్చిన శబ్దం కుడి చెవిని ముందు చేరుతుంది, తల చుట్టి ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. పెద్దవాళ్ల తలకు ఈ తేడా ఎంత ఎక్కువైనా 0.7 మిల్లీసెకన్లు దాటదు. సుమారు 1500 హెర్ట్జ్ లోపు శబ్దాలకు ఇది బాగా పనికొస్తుంది. రెండోది బలం. తల అడ్డుపడి అవతలి చెవికి శబ్దం తగ్గుతుంది. 4000 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు 9 సెంటీమీటర్లే కాబట్టి తల దానికి గోడలా నిలుస్తుంది, తేడా 20 డెసిబెల్స్ దాకా రావచ్చు. 250 హెర్ట్జ్ తరంగం దాదాపు 1.4 మీటర్లు. అది తలను చుట్టేసి వెళ్లిపోతుంది, రెండు చెవుల్లో దాదాపు ఒకే బలంతో వినబడుతుంది.

ఇక ఈవిడ సంగతి. ఇంప్లాంట్ శబ్దాన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగం బలం ఎలా పెరిగి తగ్గుతోందో ఎలక్ట్రోడ్లకు పంపుతుంది. తరంగంలోని సన్నని కాలవివరం చాలావరకు పోతుంది. కాబట్టి మొదటి ఆధారం దాదాపు లేనట్టే. రెండో ఆధారం తారస్థాయిలో ఉంటుంది, కానీ ఎడమ చెవిలో పోయింది సరిగ్గా ఆ తారస్థాయే. కుడి చెవి అన్నీ వింటుంది, ఎడమ చెవి కింది స్వరాలే వింటుంది. రెండు చెవులూ ఒకేలా వినే భాగం సుమారు 250 నుంచి 1000 హెర్ట్జ్ దాకా మాత్రమే, అక్కడ తల వల్ల వచ్చే బలం తేడా కొద్ది డెసిబెల్సే.

అయినా ఇలాంటివాళ్లలో చాలామందికి ఎంతో కొంత దిక్కు తెలుస్తుంది. ఎలా? నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను. శబ్దం ఎటువైపునుంచి వచ్చినా ఎడమ చెవిలో కింది స్వరాల బలం పెద్దగా మారదు. అది కొలబద్ద. కుడి ఇంప్లాంట్‌లో పై స్వరాలు మాత్రం శబ్దం కుడి పక్క ఉంటే పెరుగుతాయి, ఎడమ పక్క ఉంటే తల నీడ పడి తగ్గుతాయి. కొలబద్దతో పోలిస్తే కుడి బలం ఎంత అన్నది మెదడు నేర్చుకోగలదు. ఇది పనిచేయాలంటే ఒక షరతు ఉంది: కొలబద్ద నిలకడగా ఉండాలి, కుడి పక్క పెరుగుదల, తగ్గుదల నిజమైనవిగా ఉండాలి. ఏ ఫిట్టింగ్ మార్పు చేసినా ఈ షరతును కాపాడుతోందా, చెడగొడుతోందా అన్నదే నేను మొదట చూస్తాను.

పరీక్ష

దిక్కు పరీక్షకు పెద్ద ల్యాబు అక్కర్లేదు. మా గదిలో మీటరు దూరంలో అర్ధచంద్రాకారంగా 5 స్పీకర్లు పెట్టాం: ఎడమ చివర, ఎడమ మూల, ముందు, కుడి మూల, కుడి చివర. ఒక్కోటి 45 డిగ్రీల ఎడంలో. తల తిప్పే వ్యవధి ఇవ్వకుండా సెకనులో అయిదో వంతు నిడివి గల చిన్న శబ్దం వినిపించి, ఏ స్పీకరో చూపమన్నాం. ప్రతిసారీ బలాన్ని కాస్త పెంచుతూ తగ్గిస్తూ ఉన్నాం. లేకపోతే పేషెంటు "గట్టిగా ఉంటే కుడి" అని లెక్క కట్టేస్తారు. లెక్కల టీచర్ అయితే మరీను.

ఫలితాన్ని దోషంగా, డిగ్రీల్లో లెక్కిస్తాం: జవాబులు అసలు స్పీకర్‌కు ఎంత ఎడంగా పడ్డాయో చూసి, ఆ తేడాల వర్గాల సగటుకు వర్గమూలం తీస్తాం, అంకె తగ్గేకొద్దీ మంచిది. ఈ అమరికలో కళ్లు మూసుకుని లాటరీలా చెప్పినా దోషం 90 డిగ్రీల దగ్గర తేలుతుంది. ప్రతిసారీ ముందు స్పీకర్ అంటే 64, ప్రతిసారీ కుడి చివర అంటే 110 వస్తాయి. ఈ మూడు అంకెలు దగ్గర పెట్టుకోకుండా ఫలితం చదివితే మోసపోతాం. దోషంతో పాటు మొగ్గు కూడా చూడాలి, అంటే జవాబులు మొత్తంగా ఏ పక్కకు ఎన్ని డిగ్రీలు జరిగాయన్నది.

ఇంప్లాంట్ ఒక్కదానితో ఆవిడ దోషం 101, మొగ్గు కుడికి 58. మిషన్ ఒక్కదానితో 96, మొగ్గు ఎడమకు 50. రెండూ పెట్టుకుంటే 79, మొగ్గు కుడికి 40. రెండూ పెట్టుకున్నా లాటరీకన్నా కాస్త నయం, అంతే. వినబడిందంతా కుడి పక్కకు లాగుతోంది. అత్తగారి వంటింటి పిలుపు వీధి గుమ్మం వైపు ఎందుకు పోయిందో అక్కడే అర్థమైంది. వాళ్లింట్లో ఆవిడ రోజూ కూర్చునే చోటుకు గుమ్మం కుడి పక్కే.

మొదట ప్లంబింగ్ పని

సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఎడమ మిషన్ చేతిలోకి తీసుకుని చూశాను. ఇయర్ మౌల్డ్, అంటే చెవిలో కూర్చునే అచ్చు, గట్టిపడి పసుపు రంగుకు తిరిగింది. ట్యూబును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపల వంపు దగ్గర నీటి బొట్టు ఒకటి అడ్డంగా నిలిచి ఉంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమే. ఆవిడ క్లాసు అయ్యేసరికి చెమటతో తడిసిపోతారు. వేడి చెవిలోని ఆవిరి చల్లటి ట్యూబులో నీరవుతుంది. ఆ బొట్టు ఉన్నప్పుడు శబ్దం తగ్గుతుంది, జారిపోతే పెరుగుతుంది. ఏ కొలబద్ద నిలకడగా ఉండాలని చెప్పానో అది పూటకో కొలత చూపిస్తోంది. ఊదే బల్బుతో బొట్టు పోగొట్టాం. కొత్త మెత్తటి మౌల్డుకు అచ్చు తీశాం. తేమ పట్టని కొత్తరకం ట్యూబు వేశాం. రాత్రిపూట పరికరాలు పెట్టడానికి ఎలక్ట్రిక్ డ్రయ్యర్ డబ్బా కొనమన్నాను. ఈ కేసులో కుటుంబం కొత్తగా కొన్నవి మౌల్డు, డబ్బా, అంతే.

ఇంకో సంగతి అప్పుడు బయటపడింది. ఎడమ చెవి మూసుకుపోయినట్టుంటే ఆవిడ "శబ్దం తగ్గింది" అని ఇంప్లాంట్ మ్యాపింగ్ దగ్గర చెప్పేవారు. అక్కడ కుడి పక్క సౌకర్య స్థాయిలు, అంటే ఇబ్బంది లేకుండా వినగల కరెంటు హద్దులు, పెంచేవారు. ఎడమ సమస్యకు కుడి పక్క మందు పడింది. అలా కుడి పక్క రానురాను బలిసింది.

సమతూకం

కొత్త మౌల్డు వచ్చాక చెవి లోపల సన్నని ప్రోబ్ ట్యూబు పెట్టి మిషన్ నిజంగా ఎంత శబ్దం ఇస్తోందో కొలిచాను. 500, 1000 హెర్ట్జ్ దగ్గర అవసరంకన్నా తక్కువ ఇస్తోంది, 2000 పైన మాత్రం పనికిరాని చోట ఎక్కువ ఇచ్చి ఈల వేస్తోంది. పై భాగం తగ్గించి, కింది భాగానికి ఎన్‌ఏఎల్-ఎన్‌ఎల్2 (వినికిడి లోపాన్ని బట్టి శబ్దం ఎంత పెంచాలో చెప్పే సూత్రం) ప్రకారం గెయిన్, అంటే పెంపు, ఇచ్చాను. పై స్వరాలను కిందికి దించి వినిపించే ఫీచర్ ఆన్‌లో ఉంది, ఆపేశాను. ఈవిడకు పై స్వరాలు ఇంప్లాంట్ శుభ్రంగా ఇస్తోంది. వాటినే ఎడమ పక్క వేరే చోట వినిపిస్తే గందరగోళమే.

తర్వాత రెండు పరికరాల్లోనూ మొదటి ప్రోగ్రాములో ఆటోమేటిక్ డైరెక్షనల్ మైకులు, నాయిస్ రిడక్షన్ తీసేశాను. ఇవి చెడ్డవని కాదు. పెళ్లి భోజనాల్లో, బస్సులో ఎదుటివాళ్ల మాటకు చాలా ఉపయోగపడతాయి, అందుకే రెండో ప్రోగ్రాములో ఉంచాను. కానీ ఒక్కో పరికరం తనంతట తాను "ఇది అనవసర శబ్దం" అనుకుని తగ్గించేస్తుంటే, తగ్గింది తల నీడ వల్లా, పరికరం వల్లా అని మెదడు ఎలా తేల్చుకుంటుంది? కంప్రెషన్ కూడా అంతే. శబ్దం పెరగగానే ఒక్కో పక్క వేర్వేరు వేగంతో అణచేస్తుంటే రెండు చెవుల మధ్య ఉన్న బలం తేడా కరిగిపోతుంది. కొన్ని కంపెనీల ఇంప్లాంట్, మిషన్ జంటల్లో ఈ కంప్రెషన్ రెండు పక్కలా ఒకేలా నడిచేలా చేశారు. ఈవిడ జంట అలాంటిది కాదు. మిషన్‌లో కంప్రెషన్‌ను నెమ్మదిగా నడిచేదానికి మార్చి వీలైనంత దగ్గరకు తెచ్చాను.

ఆ తర్వాత ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే పని. ముందు స్పీకర్ నుంచి మాటలాంటి నాయిస్ 65 డెసిబెల్స్ బలంతో వినిపిస్తూ, "శబ్దం మీ తలలో ఎక్కడ ఉన్నట్టుందో వేలితో చూపండి" అన్నాను. మొదటిసారి ఆవిడ వేలు నేరుగా కుడి ప్రాసెసర్ (ఇంప్లాంట్‌కు చెవి బయట పెట్టుకునే భాగం) మీదికి పోయింది. ఇంప్లాంట్ సౌకర్య స్థాయిలు మొత్తంగా కొద్దిగా దించాను. వేలు కుడి కణత దగ్గరకు వచ్చింది. మిషన్‌లో 500, 1000 దగ్గర ఇంకాస్త పెంచాను. కుడి కనుబొమ చివరకు వచ్చింది. ఇలా అంచెలంచెలుగా సర్దుతూ పోతే చివరకు వేలు నుదుటి బొట్టు మీద ఆగింది. ఆవిడ కళ్లు తెరిచి, "ఇదేంటి, మధ్యలో ఉంది" అన్నారు. రెండేళ్లలో శబ్దం మధ్యలో వినబడటం అదే మొదటిసారట.

65 దగ్గర కుదిరితే అన్ని చోట్లా కుదిరినట్టు కాదు. 50 దగ్గర మళ్లీ చూస్తే సరిగ్గానే ఉంది. 80 దగ్గర వేలు ఎడమకు జారింది. గట్టి శబ్దాలను ఇంప్లాంట్ ఎక్కువగా అణుస్తోంది, మిషన్ అంతగా అణచట్లేదు. మిషన్‌లో గట్టి శబ్దాల గెయిన్ ఒక్కటి తగ్గిస్తే అదీ బొట్టు దగ్గరకు చేరింది. రెండు పరికరాల్ని కలిపి ఫిట్ చేసేవాళ్లు మూడు బలాల దగ్గరా ఈ పని తప్పక చేయాలని నేను గట్టిగా చెబుతాను. దీనికి ఒక స్పీకరు, ఓపిక ఉంటే చాలు.

కొన్ని వారాలు అలా వాడాక మళ్లీ పరీక్షించాం. దోషం 79 నుంచి 60కి, మొగ్గు కుడికి 40 నుంచి 24కు దిగాయి. మార్పులన్నీ ఒకే రోజు చేయకపోవడానికి కారణం ఇదే, ఏది ఎంత పనిచేసిందో విడిగా తెలియాలి.

ఆరు మిల్లీసెకన్లు

మిగిలిన ఆ 24 డిగ్రీల మొగ్గు నన్ను వదల్లేదు. ముందు స్పీకర్ నాయిస్ మధ్యలోనే ఉంది, మరి కుడికి లాగేదేమిటి? ఆవిడ ముందు నిలబడి పెన్ను మూతతో బల్ల మీద టకటకా కొట్టాను. వేలు కుడి పక్కకు పోయింది. అదే చోటనుంచి "ఆ" అని సాగదీసి పలికితే వేలు మధ్యకు వచ్చింది. సాగే శబ్దానికి ఒక చోటు, తటాలున మొదలయ్యే శబ్దానికి ఇంకో చోటు. తేడా బలంలో లేదు, మొదలయ్యే క్షణంలో ఉంది.

డిజిటల్ మిషన్ శబ్దాన్ని తీసుకుని, లెక్క కట్టి, మళ్లీ బయటికి పంపడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. మా టెస్ట్ బాక్సులో ఈ మిషన్‌ది సుమారు 6 మిల్లీసెకన్లు తేలింది. అక్కడనుంచి శబ్దం మామూలు దారిలో కర్ణభేరి, ఎముకలు, కాక్లియా (లోపలి చెవి) దాటాలి. ఇంప్లాంట్ అవన్నీ దాటేసి నేరుగా నరానికి కరెంటు ఇస్తుంది. మామూలు చెవి దారిలో పట్టే సమయాన్ని ఈవిడ ప్రాసెసర్ ముందే లెక్కలోకి తీసుకుంటుంది. కానీ మిషన్ చేసే ఆలస్యం దానికి తెలియదు. తల ఇచ్చే తేడా ఎంత ఎక్కువైనా 0.7 మిల్లీసెకన్లని పైన చెప్పాను. దాని ముందు 6 ఎంత పెద్దదో చూడండి. ముందు చేరిన శబ్దమే దిక్కును నిర్ణయిస్తుందన్నది వినికిడి శాస్త్రంలో 1949లో వాలక్, న్యూమన్, రోజెన్‌వైగ్ గట్టిగా చూపించిన సంగతి. ఈవిడకు ప్రతి పిలుపూ, ప్రతి హారనూ మొదట కుడి పక్కే మొదలవుతోంది. పెన్ను మూత కుడికి పోవడానికి కారణం ఇదేనని నా అంచనా.

జర్మనీలో జిర్న్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఈ తేడానే సర్దారు. మిషన్‌ను వేగవంతం చేయలేం కాబట్టి ఇంప్లాంట్‌ను కావాలని కాస్త ఆపారు. కొద్దిమంది మీదే చేసినా దిక్కు గుర్తింపు మెరుగైంది. ఇప్పుడు కొన్ని ప్రాసెసర్ల ఫిట్టింగ్ సాఫ్ట్‌వేర్లో ఈ ఆలస్యం పెట్టే వీలు వచ్చింది. అదృష్టం కొద్దీ ఆవిడ ప్రాసెసర్‌లో ఉంది, ఎవరూ వాడలేదు. 6 మిల్లీసెకన్లు పెట్టి పెన్ను మూత మళ్లీ కొట్టాను. వేలు కుడి కనుబొమ మధ్యకు వచ్చి ఆగింది. బొట్టు దాకా రాలేదు, కానీ చెవి దగ్గరనుంచి అక్కడికి రావడం చిన్న మార్పు కాదు.

ఆ రోజే చేసిన పరీక్షలో దోషం 47కు, మొగ్గు కుడికి 8కి దిగాయి. మూడు నెలల తర్వాత దోషం 41. మామూలు వినికిడి ఉన్నవాళ్లు ఇదే పరీక్షలో దాదాపు తప్పే చేయరు, కాబట్టి 41ని గొప్పగా చెప్పను. ఆ అంకెకు ఆవిడ జీవితంలో అర్థం ఇది: ఎడమా, కుడా అంటే దాదాపు ఎప్పుడూ సరిగ్గా చెబుతారు. ఎడమ చివరా, ఎడమ మూలా అంటే తడబడతారు. క్లాసులో కిటికీ వరసో, గోడ వరసో తెలుస్తుంది, ఏ బెంచీయో తెలియదు.

ఒక పరీక్ష విడిగా చేశాను. 500 హెర్ట్జ్ లోపు మంద్ర నాయిస్ ఒక్కటే వినిపిస్తే దోషం మళ్లీ 80 దగ్గరకు పోయింది. తల నీడ లేని చోట కుడి పక్క పెరుగుదల, తగ్గుదల ఉండదు కాబట్టి అది అంతే. దీన్నిబట్టి ఆవిడకు ఒక మాట స్పష్టంగా చెప్పాను. "టీచర్" అన్న పిలుపులో చ ధ్వని ఉంది, పక్క తెలుస్తుంది. దూరంగా వచ్చే లారీ ఇంజను గుర్రుమనే శబ్దానికి తెలియదు. రోడ్డు మీద చెవిని నమ్మి అడుగు వేయకూడదు. హారన్ వినబడితే రెండు పక్కలా చూడటమే, ఎన్ని నెలలు సాధన చేసినా సరే.

ముందు, వెనక

ఇది ఇంకా మిగిలే ఉంది. ముందూ వెనకా తేడా మనకు చెవి డొప్ప మడతల వల్ల తెలుస్తుంది. అవి పై స్వరాలను కోణాన్ని బట్టి మారుస్తాయి. మైకులు చెవి పైన, డొప్ప వెనక కూర్చుంటే ఆ సమాచారం లోపలికే రాదు. బోర్డు మీద రాస్తున్నప్పుడు వెనకనుంచి పిల్లాడు ఏదైనా అంటే ఆవిడకు బోర్డులోంచి వచ్చినట్టుంటుంది.

దీనికి తల తిప్పడం నేర్పాను. శబ్దం కాసేపు సాగుతుంటే తలను కుడికి కొద్దిగా తిప్పాలి. శబ్దం ఎడమకు జరిగినట్టనిపిస్తే ముందున్నది, కుడికి జరిగినట్టనిపిస్తే వెనక ఉన్నది. కుక్కర్ కూతకు, ఫోన్ రింగుకు ఇది పనిచేస్తోంది. ఒక్క మాటకు పనిచేయదు, తల తిరిగేలోపు మాట అయిపోతుంది.

ఇంట్లో సాధనకు భర్తగారు బాగా సాయం చేశారు. ఆవిడ కళ్లు మూసుకుని హాల్లో మధ్యన కూర్చుంటే ఆయన చప్పుడు లేకుండా తిరిగి ఏదో మూలనుంచి పేరు పెట్టి పిలుస్తారు. తప్పు చెబితే వెంటనే కళ్లు తెరిచి చూడాలి, మళ్లీ అదే మూలనుంచి పిలవాలి. తప్పో ఒప్పో వెంటనే తెలియకపోతే సాధన వృథా. టీవీ ఆపేసి మొదలుపెట్టి, అలవాటయ్యాక ఫ్యాను వేసి, తర్వాత టీవీ పెట్టి చేయమన్నాను.

స్కూల్లో చెవికన్నా పద్ధతి మార్చడం మేలనిపించింది. జవాబు చెప్పేవాళ్లు ముందు చెయ్యెత్తి, పేరు చెప్పి, ఆ తర్వాత జవాబు చెప్పాలని ఆవిడ నియమం పెట్టారు. ప్రశ్నలు అడిగేటప్పుడు గది మూలకు వీపు పెట్టి నిలబడతారు, క్లాసంతా ముందు అర్ధవృత్తంలోకి వస్తుంది, వెనక ఎవరూ ఉండరు. ఈ రెండో ఆలోచన నాది కాదు, ఆవిడ 5 స్పీకర్ల అమరిక చూసి తనే పట్టుకున్నారు.

రెండో ఇంప్లాంట్ సంగతి

ఎడమ చెవికి కూడా ఇంప్లాంట్ చేయించుకుంటే దిక్కు ఇంకా బాగా తెలుస్తుందా అని భర్తగారు అడిగారు. మామూలుగా అవును. రెండు పక్కలా పై స్వరాలు ఉంటాయి, బలం తేడా పూర్తిగా దొరుకుతుంది. కానీ ఆపరేషన్‌లో ఎడమ చెవిలో మిగిలిన మంద్ర వినికిడి పోయే ప్రమాదం ఉంది. ఇంప్లాంట్ ఇవ్వలేనిదాన్ని ఆ మిగిలిన వినికిడే ఇస్తోంది: గొంతులో స్వరం, పాటలో రాగం, రద్దీలో మాట వెనక ఉండే ఊతం. మిషన్ తీసేస్తే కీర్తన మాటల్లా వినబడుతుందని, పెట్టుకుంటే పాటలా వినబడుతుందని ఆవిడ అన్నారు. ఖర్చు సంగతి వేరే. రెండు వైపులా ఉన్న లాభనష్టాలు ముందు పెట్టాను, నిర్ణయం ఆవిడదే. ఇప్పటికి వద్దనుకున్నారు. ఈ ఫలితాలతో నేనూ తొందరపెట్టను. మొదట వచ్చిన 79 ఒక్కటే చూసి ఆ నిర్ణయం తీసుకుని ఉంటే మాత్రం బాధపడేదాన్ని.

ఆవిడ దిక్కు జ్ఞానమంతా ఎడమ చెవిలో 500, 1000 హెర్ట్జ్ మీద నిలబడి ఉంది కాబట్టి ఆరు నెలలకోసారి ఆ చెవి ఆడియోగ్రామ్ తీస్తున్నాం. 1000 దగ్గర 90 డెసిబెల్స్ దాటితే రెండో ఇంప్లాంట్ మాట మళ్లీ తీద్దామని ముందే అనుకున్నాం. పోయినసారి 75 దగ్గరే ఉంది. మిషన్ మోడల్ మారితే దాని ఆలస్యం కూడా మారుతుంది, అప్పుడు ఇంప్లాంట్‌లో పెట్టిన 6 మిల్లీసెకన్లు తప్పవుతాయి. అందుకే రెండు పరికరాల సెట్టింగులు, ఆలస్యం అంకె, మూడు బలాల దగ్గర సమతూకం ఒక కార్డు మీద రాసిచ్చాను. ఎక్కడ మ్యాపింగ్‌కు వెళ్లినా, ఎక్కడ మిషన్ రిపేరుకు ఇచ్చినా ముందు అది చూపించమన్నాను. ఆవిడ దాన్ని లామినేట్ చేయించి, స్కూల్ ఐడీ కార్డు వెనక పెట్టుకున్నారు.